తీర్మానాల పుస్తకం ఎవరి చేతిలో?



ఈ సభకు నన్ను అధ్యక్షత వహించమని అడిగినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "మీరు తెలుగు పాఠం చెప్పినవారు, వికలాంగుల సంఘాల్లో తిరిగినవారు. రెండూ కలిపి మాట్లాడాలి" అన్నారు. వారం రోజులు ఆలోచిస్తే రెండింటినీ కలిపే మాట ఒకటి దొరికింది. అది తీర్మానం. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసేదీ తీర్మానమే, పాలమూరు పల్లెలో వేపచెట్టు కింద పదిహేనుమంది కూర్చుని చేసేదీ తీర్మానమే. మన భాష రెండింటికీ ఒకే పీట వేసింది. అంతర్జాతీయ సహకారం గురించి నేను చెప్పబోయేదంతా ఆ తీర్మానాల పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా వేపచెట్టు కిందికి పోదాం. పేదరిక నిర్మూలనకు ‘వెలుగు’ పథకం కొత్తగా వచ్చిన రోజులవి. ఒక ఊళ్లో వికలాంగుల సంఘం సమావేశానికి నన్ను తీసుకుపోయారు. పోలియో కాలు ఈడ్చుకుంటూ నేను వెళ్లేసరికి హాజరు పిలవడం అయిపోయింది. నెలకు ముప్పై రూపాయల పొదుపు. ఎవరెవరు కట్టారో, ఎవరు మేకపిల్ల కోసం అప్పు అడిగారో తొమ్మిదో తరగతితో బడి మానేసిన ఒక అమ్మాయి రాస్తోంది. ఆమె కాలు కూడా నా కాలులాంటిదే. లెక్కలు తేలాక పుస్తకం వెనక్కి తిప్పి తీర్మానాలు రాసింది. ఆ పేజీలో రెండు తీర్మానాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. "బ్యాంకు మేడమీద ఉన్నందున, సభ్యులు మెట్లు ఎక్కలేనందున, మేనేజరు సారు నెలకొకసారి కిందికి దిగి రావలెనని తీర్మానించడమైనది." దాని కింద ఇంకొకటి: "సంఘంలో ఎవరినీ అవిటితనం పేరుతో పిలవరాదు. పిలిచినవారికి రెండు రూపాయల జరిమానా."

ఆ రెండో తీర్మానం విలువ తెలియాలంటే పల్లెలో పెరిగి ఉండాలి. రేషన్ కార్డులో పేరున్నా నోటితో ఎవరూ పిలవరు. కుంటోడు, గుడ్డిది, మూగోడు, ఇంతే. జరిమానా మొదట సంఘం లోపలివాళ్లకే పడింది, అలవాటు వాళ్లకూ ఉంది కదా! ఏడాది తిరిగేసరికి ఊరు కూడా పేర్లతో పిలవడం మొదలుపెట్టిందని ఆ అమ్మాయే చెప్పింది. మేనేజరు విషయానికొస్తే, మూడో నెలలో ఆయన కిందికి వచ్చి, కిళ్లీకొట్టు బల్లమీద కూర్చుని ఖాతాలు తెరిచాడు.

ఈ సంఘం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మహబూబ్‌నగర్ (పాలమూరు), కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన పనికి చేయూతనిచ్చింది. 2000లో ప్రపంచ బ్యాంకు నిధులతో ‘వెలుగు’ ఆరు జిల్లాల్లో మొదలైంది: శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్. అది దానం కాదు, అప్పు. తీర్చేది మనమే. ప్రపంచ బ్యాంకు మనల్ని ఉద్ధరించిందనేవాళ్లూ, ముంచిందనేవాళ్లూ ఈ చిన్న విషయాన్ని తరచూ మరిచిపోతారు. తర్వాత దేశమంతటా వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో మామూలు సంఘానికి కనీసం పదిమంది, అందరూ మహిళలే ఉండాలి. వికలాంగుల సంఘమైతే అయిదుగురు చాలు, మగవాళ్లూ ఉండవచ్చు. ఒక ఊళ్లో పదిమంది వికలాంగ మహిళలను వెతికి పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టాలని చూసినవాళ్లకు ఈ సడలింపు ఎందుకో తెలుస్తుంది.

ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. స్వయం సహాయక సంఘం అనగానే తెలుగువాడి చెవికి డ్వాక్రా వినిపిస్తుంది. పొదుపు, అప్పు, వాయిదా. కానీ అంతర్జాతీయ పత్రాల్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అది వికలాంగులు తమ తరఫున తామే మాట్లాడే సంస్థ. 2002 అక్టోబరులో జపాన్‌లో బివా సరస్సు ఒడ్డున ఓత్సు నగరంలో ఆసియా, పసిఫిక్ దేశాల ప్రతినిధులు కూర్చుని పదేళ్ల కార్యాచరణ రాసుకున్నారు. దాన్ని బివాకో చట్రం అంటారు. అందులో ఏడు ప్రాధాన్యాలున్నాయి. చదువు, ఉపాధి, భవనాలు, బస్సులు, పేదరికం అన్నీ ఉన్నాయి. కానీ మొట్టమొదటి స్థానం వికలాంగుల స్వయం సహాయక సంస్థలకూ, తల్లిదండ్రుల సంఘాలకూ ఇచ్చారు. అందులో న్యాయం ఉంది. సంఘం లేకపోతే మిగిలిన ఆరూ ఎవరో ఒకరు పెట్టే భిక్షగానే వస్తాయి. పాలమూరులో జరిగిన విశేషం ఏమంటే, పొదుపు కోసం కూర్చున్నవాళ్లే మాట్లాడటం మొదలుపెట్టారు. ముప్పై రూపాయల లెక్క రాసిన పుస్తకమే వెనక్కి తిప్పితే హక్కుల పుస్తకమైంది.

అలా మాట్లాడే అవకాశం ప్రపంచస్థాయిలో కూడా ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 1980లో కెనడాలోని విన్నిపెగ్‌లో పునరావాస నిపుణుల ప్రపంచ మహాసభ జరిగింది. వైద్యులు, అధికారులు, సేవాసంస్థల పెద్దలు వేలమంది. వాళ్ల మధ్య వికలాంగులు కొన్ని వందలమంది. మహాసభ నడిపే సంస్థ నిర్ణయాల్లో తమకు సమాన స్థానం కావాలని వీళ్లు అడిగారు. ఓటింగులో ఓడిపోయారు. ఓడినవాళ్లు గది మార్చుకుని తమ సంఘం తాము పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. మరుసటి ఏడు, 1981లో, సింగపూర్‌లో డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ పుట్టింది. ఆ ఏడు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కూడా. తొలి అధ్యక్షుడు సింగపూర్‌కు చెందిన అంధుడు రోనాల్డ్ చంద్రన్ డడ్లీ. "మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు" అన్న నినాదం వికలాంగుల ఉద్యమాలతో పాటే ఊరూరా తిరిగింది. 2006 డిసెంబరు 13న సర్వసభ్య సభ ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో అదే మాట చట్టభాష తొడుక్కుంది. మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. దాని 32వ అధికరణం అంతర్జాతీయ సహకారం గురించే: దేశాలు ఒకదానికొకటి చేసుకునే సాయంలో వికలాంగులకు చోటుండాలి, వాళ్ల సంస్థలు భాగస్వాములు కావాలి.

ఇది సాహిత్యసభ కూడా కాబట్టి అక్షరం దగ్గర కాసేపు ఆగనివ్వండి.

తెలుగు బ్రెయిలీ మనకు ఎలా వచ్చిందో ఈ సభలో ఎంతమందికి తెలుసు? స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో బ్రెయిలీ పద్ధతులు ఒకటి కాదు, ఎన్నో. ఒక చోట చదువుకున్న అంధుడు ఇంకొక చోట నిరక్షరాస్యుడే. 1949లో భారత ప్రభుత్వం యునెస్కో సాయం అడిగింది. 1950లో పారిస్‌లో, 1951లో బేరూత్‌లో సమావేశాలు జరిగాయి. ఈ పనికి సలహాదారు సర్ క్లూథా మెకెంజీ. న్యూజిలాండ్ సైనికుడు, 1915లో గల్లిపోలి యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకున్నవాడు. చుక్కల గురించి మాట్లాడే అర్హత ఆ వేళ్లకు ఉంది. 1951లో భారతీ బ్రెయిలీ ఖాయమైంది. దానిలో తెలుగు ‘క’, హిందీ ‘క’, తమిళ ‘క’ మూడూ ఒకే చుక్కలు, ఒకటో చుక్క, మూడో చుక్క. రోమన్ ‘కె’ కూడా అవే. కంటితో చదివేవాడికి నాలుగు లిపులు. వేలితో చదివేవాడికి ఒకటే. గుణింతం కొమ్ములు, గుడులు తలమీద కూర్చోవు, హల్లు పక్కన బుద్ధిగా నిలబడతాయి. ఒత్తులకు కిందికి దిగే పనిలేదు. లిపుల కోసం తలలు పగలగొట్టుకునే మన దేశంలో లిపి ఐక్యత సాధించినవాళ్లు అంధులొక్కరే అని నా విద్యార్థులతో అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. నేను నవ్వులాటకు అనలేదు.

లిపి వచ్చింది సరే, పుస్తకాలేవి? అచ్చయిన పుస్తకాన్ని బ్రెయిలీలోకో, వినే పుస్తకంగానో మార్చాలంటే కాపీరైటు అడ్డం. ఒక దేశంలో మార్చినదాన్ని ఇంకొక దేశానికి పంపాలంటే మరో అడ్డం. ఒకే స్పానిష్ నవలను ఒక్కో దేశంలో అంధుల గ్రంథాలయం మళ్లీ మళ్లీ చదివించి రికార్డు చేసుకోవాల్సిన దుస్థితి. దీన్ని పుస్తకాల కరువు అన్నారు. ప్రపంచ అంధుల సమాఖ్య ఒప్పందం ముసాయిదా తయారుచేస్తే, 2009లో బ్రెజిల్, ఈక్వడార్, పరాగ్వే దాన్ని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ ముందు పెట్టాయి. ఆ మూడు దేశాలు, అంధుల సంఘం ఒకవైపు. ప్రచురణకర్తల భయాలు ఇంకొకవైపు. 2013 జూన్ 27న మొరాకోలోని మర్రకేష్‌లో ఒప్పందం కుదిరింది. కుదిర్తే వచ్చి పాడతానని మాట ఇచ్చిన స్టీవీ వండర్ వచ్చి పాడాడు. 2014లో దాన్ని అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. అప్పటికే 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించుకున్నాం. ఇరవై దేశాలు చేరాక 2016 సెప్టెంబరు 30న అది అమల్లోకి వచ్చింది. 2019లో అమెరికా చేరింది. కాబట్టి ఇవాళ హైదరాబాద్‌లో ఒక అధీకృత సంస్థ తెలుగు నవలను వినే పుస్తకంగా చేస్తే, డాలస్‌లో ఉన్న తెలుగు అంధుడికి సంస్థల ద్వారా చట్టబద్ధంగా పంపవచ్చు. దారి ఉంది, నడిచేవాళ్లు తక్కువ. రచయితలారా, మీ పుస్తకం యూనికోడ్ ప్రతిని అంధుల గ్రంథాలయానికి మీరే ఇవ్వండి. పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ ఇస్తే స్క్రీన్ రీడర్ దాన్ని పిచ్చి అక్షరాలుగా చదువుతుంది. ఇందులో ఖర్చేమీ లేదు. బద్ధకమే అడ్డం.

మర్రకేష్ ఒప్పందం అంధుల సంఘం అడిగి తెచ్చుకున్నది. సంఘాన్ని అడగకుండా దాటిపోయే సాయం ఎలా ఉంటుందో కూడా చూశాను. ఒకసారి విదేశం నుంచి చక్రాల కుర్చీలు వచ్చాయి. అందంగా మెరుస్తున్నాయి. పంపిణీకి బ్యానరు, పూలదండలు, ఫొటోలు. మూడు నెలలకు ట్యూబు పంచరైతే జిల్లా కేంద్రంలో ఆ సైజు దొరకలేదు. నల్లరేగడి బాటలో ఆ చిన్న ముందుచక్రాలు కూరుకుపోయేవి. రెండో ఏడు నేను వెళ్లేసరికి ఒక కుర్చీ కింద కోడిపెట్ట పొదుగుతోంది. "మమ్మల్ని అడిగుంటే సైకిల్ షాపులో దొరికే చక్రాలున్న బండి అడుగుతుంటిమి సార్" అన్నాడు దాని యజమాని. పంపినవాళ్లు మంచివాళ్లే. అడగలేదు, అంతే.

దీనికి ఎదురుగా, జపాన్, థాయిలాండ్ ప్రభుత్వాలు కలిసి 2002లో బ్యాంకాక్‌లో పెట్టిన ఆసియా పసిఫిక్ వికలాంగుల అభివృద్ధి కేంద్రం పని ఉంది. కుర్చీలకంటే అక్కడ మనుషుల్ని తయారుచేయడం మీద దృష్టి. ఒక దేశపు వికలాంగుడు ఇంకొక దేశపు వికలాంగుడికి సంఘం ఎలా నడపాలో నేర్పుతాడు. జపాన్‌లోనే డస్కిన్ సంస్థ 1999 నుంచి ఆసియా వికలాంగ యువతీయువకులను పిలిచి నెలల తరబడి శిక్షణ ఇస్తోంది. ముందు జపనీస్ నేర్పుతారు, బధిరులకైతే జపనీస్ సంజ్ఞాభాష.

మా సంఘాల లోపాన్ని దాచిపెడితే అధ్యక్షుడిగా నేను న్యాయం చేసినట్టు కాదు. వేపచెట్టు కింద ఎక్కువగా మాట్లాడేది మేమే, పోలియోవాళ్లం. మాకు నోరుంది, కాస్త చదువుంది, కాళ్లే లేవు. బధిరుడు హాజరు వేయించుకుని, మా పెదాలు చూస్తూ గంటసేపు కూర్చుని లేచిపోయేవాడు. మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల తల్లులు చివరన నిలబడేవాళ్లు. నిపుణులు మాకు చేసిందే మేం వాళ్లకు చేశాం. ఆ సంఘం పుస్తకంలో సంజ్ఞలు తెలిసినవాణ్ణి పిలిపించుకోవాలన్న తీర్మానం రావడానికి నాలుగేళ్లు పట్టింది.

పేరు గురించి ఒక్క మాట. నేను ఇంతసేపూ వికలాంగులు అంటున్నాను. దివ్యాంగులు అనాలని కొందరు, విభిన్న ప్రతిభావంతులు అనాలని కొందరు చెబుతారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ సంఘాల బోర్డుల మీద, ధర్నాల బ్యానర్ల మీద మావాళ్లు రాసుకున్న మాట వికలాంగులు. వాళ్లు తీర్మానించి మార్చుకున్న రోజు నేనూ మార్చుకుంటాను.

పరిశోధకులకు నా విన్నపం ఒకటుంది. ఇరవై, పాతికేళ్ల నాటి ఆ తీర్మానాల పుస్తకాలు మండల సమాఖ్యల బీరువాల్లో, బుక్‌కీపర్ల అటకల మీద చెదలు పడుతున్నాయి. శాసనాల నకళ్లు తీసిన జాతి మనది. వీటికీ నకళ్లు తీయండి. "తీర్మానించడమైనది" అన్న ఆఫీసు తెలుగును ఒక తొమ్మిదో తరగతి పిల్ల తన కోపానికి ఎలా వాడుకుందో భాషాశాస్త్రజ్ఞులు చూడాలి.

చివరగా ఈ సభ సంగతి. నిన్న రాత్రి నాకిచ్చిన ఫైలులో రేపటి ముగింపు సభ తీర్మానాల ముసాయిదా ఉంది. శ్రద్ధగా రాశారు. రాసిన కమిటీలో అయిదుగురు పేర్లున్నాయి. అందరూ నాకు ఆప్తులే, అందులో ఒక్క వికలాంగుడు లేడు. అధ్యక్షుడికి ఉన్న కొద్దిపాటి అధికారంతో ఆ ముసాయిదాను పక్కన పెడుతున్నాను. భోజన విరామం లోపల ముందు వరుసలోని మా వికలాంగుల సంఘాలవాళ్లు కూర్చుని ముగ్గురి పేర్లు ఇవ్వాలి, అందులో ఒకరు బధిరులు. సంజ్ఞాభాష అనువాదకురాలు ఇప్పటికే మన మధ్య ఉన్నారు. తీర్మానాల పుస్తకం ఇదిగో, ఈ బల్లమీద పెడుతున్నాను. మొదటి పత్రం చదివేవారు రావచ్చు. వేదికకు ఎడమవైపు నుంచి రండి, మెట్లు లేనిది అటే.