మనం దాటేసే పేర్లు: రోమా పత్రిక 16వ అధ్యాయం



ఈ రోజు ధ్యానానికి రోమా పత్రిక 16వ అధ్యాయం తీసుకున్నాను. బైబిలు తెరిచి చూసినవాళ్లు, "ఇందులో చెప్పడానికి ఏముంది పాస్టరుగారూ, అన్నీ పేర్లే కదా" అనుకుంటూ ఉండొచ్చు. నిజమే. 8వ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. 12వ అధ్యాయం మన సండేస్కూలు పిల్లలకు కంఠతా వచ్చు. 16కి వచ్చేసరికి నోరు తిరగని పేర్లు చూసి పేజీ తిప్పేస్తాం. కానీ ఆ పేర్లవాళ్లు లేకపోతే ఆ 8వ అధ్యాయం మన దాకా వచ్చేది కాదు. అది ఎలాగో చూద్దాం.

పౌలు ఈ పత్రిక రాయించింది కొరింథులో, సుమారు క్రీ.శ. 57లో. అప్పటికి ఆయన రోమా పట్టణం చూడలేదు. అయినా అక్కడున్న 24 మందికి పేరుపెట్టి వందనాలు పంపాడు. పేరు చెప్పకపోయినా రూఫు తల్లినీ, నేరెయ సహోదరినీ మరచిపోలేదు. మొత్తం 26 మంది. వారిలో తొమ్మిదిమంది స్త్రీలు. వీళ్లలో చాలామంది గురించి బైబిలులో మరెక్కడా ఒక్క మాట కూడా లేదు.

రాయించాడు అన్నాను, గమనించారా? రాసింది తెర్తియు. 22వ వచనంలో అతనే తన పేరు చెప్పుకుని వందనం పెట్టాడు. గ్రీకులో ఏడు వేలకు పైగా మాటలున్న ఉత్తరం అది. రెల్లు కలం సిరాలో ముంచుతూ, పపైరసు మీద, పౌలు చెప్తుండగా అతను రాశాడు. తెర్తియు అంటే లాటినులో "మూడవవాడు" అని అర్థం. మన ఊళ్లలో వరసను బట్టి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలిచినట్టు. నువ్వు రాసేవాడివే, నీ వందనం ఎవరికి కావాలి అని పౌలు అనలేదు. తన ఉత్తరంలో అతనికి చోటిచ్చాడు.

రాసిన ఉత్తరం రోమాకు చేరాలి. ఆ రోజుల్లో రోమా ప్రభుత్వానికి టపా ఉండేది గానీ, అది సర్కారు పనికే. మామూలు మనుషుల ఉత్తరం వెళ్లాలంటే అటు ప్రయాణం చేసే మనిషి ఒకరు కావాలి. పౌలు ఈ అధ్యాయాన్ని ఫీబే పేరుతో మొదలుపెట్టి, ఆమెను చేర్చుకోండి, ఆమెకు ఏది అవసరమైతే అది చేసిపెట్టండి అని రోమావారికి సిఫారసు చేశాడు. అందుకే ఉత్తరం తీసుకెళ్లింది ఆమేనని బైబిలు పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆమెది కొరింథుకు తూర్పున ఉన్న రేవు పట్టణం కెంక్రేయ. అక్కడినుంచి రోమాకు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే.

ఫీబేను పౌలు సంఘ పరిచారకురాలు అన్నాడు. గ్రీకులో ఆ మాట దియాకొనోసు. మొదటి కొరింథీయులకు రాసిన పత్రికలో తన గురించీ అపొల్లో గురించీ చెప్పినప్పుడు వాడింది కూడా ఇదే మాట. ఫిలిప్పీ సంఘంలో అధ్యక్షుల పక్కన పేర్కొన్న పరిచారకులకూ ఇదే మాట. మరి మనమేం చేస్తున్నాం? మగవాళ్లకు వచ్చేసరికి అది డీకను పదవి, కమిటీలో కుర్చీ. ఆడవాళ్లకు వచ్చేసరికి అది ప్రేమవిందులో వడ్డన. మాట ఒకటే, మర్యాద రెండు రకాలు. ఇంకో సంగతి. ఆమె అనేకులకూ తనకూ సహాయురాలని పౌలు చెప్పాడు. అక్కడున్న గ్రీకు మాట ప్రొస్తాతిసు. అంటే అండగా నిలబడే పెద్దదిక్కు. పౌలుకు ఒక స్త్రీ పెద్దదిక్కుగా ఉంది. ఆ మాట ఒప్పుకోవడం ఆయనకు నామోషీ అనిపించలేదు.

ఇప్పుడు ప్రిస్కిల్ల, అకుల దగ్గరికి వద్దాం. వీళ్ల కథ మనలాంటివాళ్లకు బాగా తెలిసిన కథ. అకుల పొంతు ప్రాంతంవాడు. బతుకు కోసం రోమాలో ఉన్నారు. సుమారు క్రీ.శ. 49లో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మన్నాడు. మూటాముల్లె సర్దుకుని కొరింథు వచ్చారు. డేరాలు కుట్టే పని చేసుకున్నారు. పౌలుదీ అదే పని కాబట్టి ఆయన్ని తమతో ఉంచుకుని పని చూపించారు. తర్వాత ఎఫెసు వెళ్లారు. అపొల్లో గొప్ప వాగ్ధాటి గలవాడు, అయినా అతనికి తెలియనిది ఉందని గ్రహించి, అతన్ని చేర్చుకుని విడమరిచి చెప్పారు. ఈ పత్రిక వచ్చేసరికి మళ్లీ రోమాలో ఉన్నారు, వాళ్ల ఇంట్లోనే సంఘం కూడుతోంది. పౌలు ప్రాణం కోసం తమ మెడలు పణంగా పెట్టినవాళ్లు వీళ్లు. కొత్త నిబంధనలో ఈ దంపతుల ప్రస్తావన ఆరుచోట్ల వస్తే, నాలుగుచోట్ల భార్య పేరే ముందుంది.

కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మన తెలుగు సంఘాల చరిత్ర తిరగేసి చూడండి. కోలారు బంగారు గనుల్లో, రైల్వేలో, మిల్లుల్లో పని కోసం ఊరు విడిచి వచ్చినవాళ్ల ఒంటిగది ఇళ్లలోనే చాలాచోట్ల మొదటి ప్రార్థనలు జరిగాయి. ఆ రోజు తలుపు తీసిన తల్లి పేరు మన సంఘం రికార్డులో ఉందా? ఈ రోజు మన పేటకు పని కోసం కొత్తగా వచ్చిన కుటుంబానికి, అది ఏ భాషవాళ్లయినా, మన తలుపు తెరుచుకుంటోందా?

జాబితాలో ఇంకొంచెం ముందుకెళ్దాం. అంప్లీయతు, హెర్మే, నేరెయ, పెర్సిసు. ఇవి ఆ కాలంలో బానిసలకూ, బానిసత్వం నుంచి విడుదల పొందినవారికీ ఎక్కువగా ఉండే పేర్లని ఆనాటి శాసనాలను బట్టి తెలుస్తోంది. మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అనే నలుగురు ప్రయాసపడ్డారని పౌలు రాశాడు. తన సొంత సువార్త కష్టానికి ఏ మాట వాడతాడో సరిగ్గా అదే మాట. ఈ అధ్యాయంలో ఆ మాట దక్కింది ఈ నలుగురికే. నలుగురూ స్త్రీలే. ఇక చివర్లో కొరింథునుంచి వందనాలు చెప్పేవాళ్లలో పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు ఉన్నాడు. అతని పక్కనే క్వర్తు. ఆ పేరుకు అర్థం "నాలుగవవాడు". అతనికి హోదా లేదు, సహోదరుడు అంతే. పట్టణపు అధికారీ, ఏ హోదా లేనివాడూ ఒకే వచనంలో భుజం భుజం కలిపి నిలబడ్డారు.

మన చర్చి గోడమీది శిలాఫలకం గుర్తుతెచ్చుకోండి. ఎవరెంత ఇచ్చారో ఆ వరసలో పేర్లు. పౌలు చెక్కించిన ఫలకం మీద అంకెలు లేవు. పడిన కష్టం ఉంది, పంచుకున్న ప్రమాదం ఉంది, చూపిన తల్లి ప్రేమ ఉంది. రూఫు తల్లి తనకూ తల్లేనని ఆయన రాసుకున్నాడు.

రోమా పత్రిక దాటి చెరసాలలో ఉన్న పౌలు దగ్గరికి వెళ్దాం. ఆ కాలపు చెరసాలలో ఖైదీకి తిండి, బట్ట ఎక్కువగా బయటివాళ్లే తెచ్చివ్వాలి. ఎవరూ రాకపోతే పస్తే. ఫిలిప్పీ సంఘం కానుక కూర్చి ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపింది. అతను ఆ సేవలో జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. ఇలాంటివారిని ఘనపరచండి అని పౌలు సంఘానికి చెప్పాడు. ఒనేసిఫోరు రోమాకు వచ్చి పౌలు ఎక్కడున్నాడో వెతికి వెతికి కనుక్కున్నాడు. ఆయన సంకెళ్లను చూసి సిగ్గుపడలేదు. ఖైదీకి స్నేహితుడని పేరుపడటం ఆ రోజుల్లో ప్రమాదం. ఈ రోజుల్లోనూ అంతే. మన దేశపు జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలు. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒనేసిఫోరు ఎవరు?

రోమా 16లో యూలియా అని ఒక పేరుంది. మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఒక జూలియా ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు మోకరించి ప్రార్థించారు. జూయెట్ దొరగారి పేరు, దొరసానిగారి పేరు మనకు తెలుసు. మిగిలిన ముగ్గురూ మన దేశస్థులే: నర్సు, జూలియా, రూతు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని గొప్పగా చెప్పుకుంటాం, క్లౌ దొరగారిని తలచుకుంటాం. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు మన తెలుగు బోధకులు, ఆరుగురు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

యౌవనస్థులారా, నాయకులను పొగడటం తేలిక. పౌలు లాంటి నాయకుడు తన చుట్టూ ఉన్నవాళ్లను పేరుపేరునా చెప్పుకున్నాడు, ఎందుకంటే సువార్త ఒక్కడి భుజాలమీద నడవదని ఆయనకు తెలుసు. చర్చి ఊడ్చే అమ్మకు, గంట కొట్టే తాతకు, ఇల్లిల్లూ తిరిగే బైబిలు స్త్రీకి మనం "దేవుడే ప్రతిఫలమిస్తాడు" అని చెప్పి పంపేస్తుంటాం. దేవుడు ఇస్తాడు, సందేహం లేదు. మనం ఇవ్వాల్సింది మాత్రం మనమే ఇవ్వాలి. సరైన జీతం, సంఘ కమిటీలో చోటు, ఆస్పత్రి పాలైతే ఖర్చు.

అందుకని మీకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ సంఘంలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. సంఘం మొదలైన రోజుల్లో వంట చేసినవాళ్లు, ఉత్తరాలు రాసిపెట్టినవాళ్లు, పాస్టరును దాచిపెట్టినవాళ్లు, గోడ కట్టినవాళ్లు ఎవరో అడగండి. పేర్లు రాయండి. ఆ పక్కన వాళ్లు పడిన కష్టం రాయండి. వచ్చే వార్షికోత్సవంలో ఆ పట్టిక గట్టిగా చదవండి. వాళ్లలో బతికున్నవాళ్లకు సంఘం ఏమి బాకీ ఉందో అదే రోజు కమిటీలో మాట్లాడండి. అది మీ సంఘపు 16వ అధ్యాయం అవుతుంది.

పేరుపెట్టి పిలిచే ప్రభువు మనకు అలాంటి కళ్లనూ, అలాంటి మనసునూ దయచేయును గాక. ఆమేన్.