సైకిల్ బెల్లు, గ్రామఫోన్ పిన్ను

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  చిట్టచివరి వరసలో కూర్చున్న మా బ్యాచ్ వాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. యాభయ్యేళ్లు దాటినా వాళ్లు ఆ వరస వదల్లేదు.

కార్యదర్శి గారు నన్ను "వృత్తి జీవితంలో పాఠశాల పాత్ర" అన్న అంశం మీద మాట్లాడమన్నారు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ చదివి మా ఆవిడ ఆవులించింది. అందుకని ఆ కాగితాలు ఇంట్లోనే వదిలేసి, దూరదర్శన్‌లో వచ్చిన ఒక డిటెక్టివ్ సీరియల్లో ఒకే ఒక్క ఎపిసోడ్ గురించి మాట్లాడదామని వచ్చాను. అది బలహీనమైన ఎపిసోడా కాదా అని మేము ఇరవయ్యేడేళ్లు కొట్టుకున్నాం. ఫిజిక్స్ మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి తీర్పు వారిదే.

మా తరానికి డిటెక్టివ్ అంటే ముందు పుస్తకమే. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, మధుబాబు గారి షాడో. లెక్కల నోటుబుక్కు లోపల పెట్టుకుని చదివాం. ఏ పీరియడ్‌లో అన్నది ఇప్పుడు చెప్పను, ఆ టీచరు గారు కూడా ఈ సభలోనే ఉన్నారు. తర్వాత 1985లో టీవీలో 'కరమ్‌చంద్' వచ్చాడు. పంకజ్ కపూర్ క్యారెట్ కొరుక్కుంటూ హంతకుణ్ణి పట్టేవాడు. అప్పుడు నల్లపాడులో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి ఓ ఇంటి వసారాలో పది మందిమి చెప్పులు బయట విడిచి కూర్చునేవాళ్లం. గాలికి యాంటెనా తిరిగిపోతే మేడెక్కి దాన్ని సరిచేసేది ఎప్పుడూ ఒకడే. వాడే ఈ ప్రసంగంలో ముఖ్యుడు. పేరు చెప్పొద్దన్నాడు. రోడ్డు మీద సైకిల్ షాపు వాడంటే మా బ్యాచ్ అందరికీ తెలుసు.

వాడు పదో తరగతి గట్టెక్కలేదు. లెక్కల్లో పోయింది. నేను ఇంటర్‌కి, ఆ తర్వాత ఇంజినీరింగ్‌కి వెళ్లాను. వాడు వాళ్ల నాన్న షాపులో పంచర్లు వేయడానికి కూర్చున్నాడు.

1993లో 'బ్యోమ్‌కేశ్ బక్షీ' వచ్చింది. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన కథలు, బాసు చటర్జీ దర్శకత్వం. బ్యోమ్‌కేశ్‌గా రజిత్ కపూర్, స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా. పంచె కట్టుకుని, డిటెక్టివ్ అన్న మాట నచ్చక తనను సత్యాన్వేషి అని పిలుచుకునే మనిషి. ఛేజింగులు లేవు, తుపాకుల మోత లేదు. ఇద్దరు కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే మనం కదలకుండా చూస్తాం. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సెలవు మీద ఇంటికొచ్చి, అదే వసారాలో, అదే గుంపుతో, 'రాస్తే కా కాంటా' అనే ఎపిసోడ్ చూశాను.

కథ చూడనివాళ్లు ఉంటే కాసేపు చెవులు మూసుకోండి. కలకత్తా వీధుల్లో నడిచి వెళ్తున్న పెద్దమనుషులు ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోతుంటారు. గుండెలో చూస్తే గ్రామఫోన్ పిన్ను. తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు, హంతకుణ్ణి ఎవరూ చూడలేదు. చివరికి తేలేదేమిటంటే, హంతకుడు సైకిల్ మీద వస్తాడు. సైకిల్ బెల్లులోనే స్ప్రింగు యంత్రం ఉంది. బెల్లు కొడితే అందులోంచి పిన్ను దూసుకొస్తుంది. దారిలో ఉన్నవాడు సైకిల్ బెల్లు విని తప్పుకోవడానికి తల తిప్పుతాడే తప్ప అనుమానించడు కదా.

ఎపిసోడ్ అయిపోగానే గొడవ మొదలైంది. సగం గొడవ హిందీ వల్ల. మనది ఇరవై మార్కులకే హిందీ పాసైన బ్యాచ్. యంత్రం ఎలా పనిచేసిందో బ్యోమ్‌కేశ్ వివరించాడా లేక దర్శకుడు దాటేశాడా అన్న దాని మీదే ఆరుగురికి ఆరు అభిప్రాయాలు. నేను మాత్రం తేల్చేశాను: ఇది చచ్చు ఎపిసోడ్, సైకిల్ బెల్లు స్ప్రింగుతో మనిషి చావడు, చొక్కా కూడా చిరగదు. సైకిల్ షాపు వాడు ఒప్పుకోలేదు.

"గుచ్చుకోవడానికి బలం ఎందుకురా, మొన ఉంటే చాలు. మిర్చి యార్డులో చూడు, టిక్కీ కుట్టే దబ్బనం ఎంత నెమ్మదిగా నొక్కినా గోనెలోకి దిగుద్ది" అన్నాడు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. గోడకున్న క్యాలెండర్ చించి వెనకవైపు లెక్క వేశాను. బొటనవేలితో ఐదు కిలోల బరువంత నొక్కితే, స్ప్రింగు ఒక సెంటీమీటరు లోపలికి పోతే, అందులో దాగే శక్తి పావు జౌలు. పిన్ను బరువు 2 గ్రాములు అనుకున్నాను. వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు వచ్చింది. "చూశావా, నువ్వు చేత్తో రాయి విసిరినా ఇంతకంటే గట్టిగా పోతుంది" అన్నాను. వాడు మళ్లీ ఏదో చెప్పబోయాడు. అప్పుడన్నాను ఆ మాట. "లెక్కల్లో ఫెయిలైనోడివి, నాకు ఫిజిక్స్ చెప్పొద్దురా."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాడు షాపు ముందు నించి పోతూ పలకరిస్తే, "రండి ఇంజినీరు గారూ, కూర్చోండి" అన్నాడు.

ఆ 'రండి' అన్న మాటతో ఇరవయ్యేడేళ్లు గడిచాయి. మా నాన్నగారు పోయినప్పుడు వచ్చాడు, "మీరు ధైర్యంగా ఉండాలి" అన్నాడు. వాళ్లమ్మాయి పెళ్లికి కార్డు పట్టుకొచ్చాడు, "మీరు తప్పకుండా రావాలి" అన్నాడు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే జామకాయ కొరుక్కుని తిన్నవాడు మిమ్మల్ని 'మీరు' అంటే ఎలా ఉంటుందో ఈ సభలో కొందరికైనా తెలిసే ఉంటుంది. తిట్టినా బాగుండేది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. దూరదర్శన్ వాళ్లు రామాయణంతో పాటు బ్యోమ్‌కేశ్ బక్షీని కూడా మళ్లీ వేశారు. నేను హైదరాబాద్‌లో ఇంట్లో పడి ఉన్నాను. 'రాస్తే కా కాంటా' రోజున కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఈసారి హిందీ అర్థమైంది. అర్థమయ్యాక చేసిన మొదటి పని నా పాత లెక్క సరిచూసుకోవడం.

గ్రామఫోన్ పిన్ను ఉక్కుది. ఒకటిన్నర సెంటీమీటర్ల పొడుగు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం అనుకోండి. ఉక్కు సాంద్రతతో గుణిస్తే గ్రాములో అయిదో వంతు వస్తుంది. 2 గ్రాములు కాదు, 0.2. దశాంశ బిందువు దగ్గర తప్పాను. పరీక్షలో మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టే తప్పు. సరిచేస్తే వేగం సెకనుకు 50 మీటర్లు. స్ప్రింగు తన బరువును తాను మోసుకోవడానికి, రాపిడికి సగం శక్తి పోయిందనుకున్నా 35 మీటర్లు, అంటే గంటకు 126 కిలోమీటర్లు. సూది మొనతో, ఆ వేగంతో వస్తే చొక్కా ఒక లెక్కా?

వాడు చెప్పిందే నిజం. బలం సమస్య కాదు.

అయినా ఎపిసోడ్ మీద నా అనుమానం పోలేదు. మా బ్యాచ్ డాక్టర్‌కి ఫోన్ చేస్తే, అంత సన్నని సూది గుండెకు తగిలినా మనిషి అక్కడికక్కడే కూలిపోవడం అరుదు, ముందు పక్కటెముక అడ్డు రాకుండా ఉండాలి అన్నాడు. ఇంకోటి. సైకిల్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పక్కగా పోతూ అయిదు మీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి కొడితే, పిన్ను చేరేలోపు సైకిల్ వేగానికి దాదాపు రెండడుగులు పక్కకు పోతుంది. గుండెకు గురిపెడితే గాల్లోకి పోతుంది.

ఇవన్నీ పట్టుకుని వాడికి ఫోన్ చేశాను. ముందు దశాంశ బిందువు సంగతి చెప్పాను. తర్వాత క్యాలెండర్ సంగతి, ఆ మాట సంగతి. అవతల నుంచి చాలాసేపు చప్పుడు లేదు. లాక్‌డౌన్ కదా, రోడ్డు మీద బండి కూడా లేదు, వాడి వెనక కాకి అరుపు వినిపిస్తోంది.

"నీ లెక్క తప్పేరా," అన్నాడు చివరికి. "కానీ ఆ ఎపిసోడ్ కూడా తప్పే. నాకు అప్పుడే తెలుసు."

'రా' అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

విషయమేమిటంటే, 1993లో ఆ రాత్రి వెళ్లినవాడు ఊరుకోలేదు. పాత మైకు సెట్టు వాళ్ల దగ్గర తుప్పు పట్టిన పిన్నుల డబ్బా ఒకటి సంపాదించాడు. ఒక బెల్లు విప్పి లోపలి పళ్లచక్రాలు తీసేశాడు. మిగతాది చెప్పను, పిల్లలు కూడా వింటున్నారు. మిర్చి టిక్కీ ఎదురుగా పెట్టి చూశాడు. మూరెడు దూరంలో పిన్ను గోనె దాటి లోపలికి పోయింది. రెండు బారల దూరం నుంచి కొడితే అడ్డంగా తగిలి కింద పడింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే.

"గాల్లో తిరగబడుద్దిరా. మొన ముందుకు ఉండదు" అన్నాడు.

నా లెక్కల్లో ఎక్కడా లేని సంగతి ఇది. బాణానికి ముందు బరువు, వెనక ఈకలు. షటిల్ కాక్ ఎలా కొట్టినా తల ముందుకు తిప్పుకునే వస్తుంది. గ్రామఫోన్ పిన్నుకు ముందు సన్నం, వెనక లావు, ఈకల్లేవు. గాలి దాన్ని తిప్పేస్తుంది. వాడు ఇంకో అడుగు ముందుకు వేసి, పిన్ను తోకకు కాస్త పత్తి చుట్టి చూశాడట. నేరుగా వెళ్లింది. మన పొలాల్లో పత్తికేం కొదవ. కానీ కథలో చనిపోయినవాళ్ల చొక్కాల మీద పత్తి దొరికినట్టు ఎక్కడా లేదు. కాబట్టి ఎపిసోడ్ బలహీనమే, నేనన్న కారణానికి మాత్రం కాదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే నువ్వు గెలిచినట్టేగా" అన్నాడు.

ఆ తర్వాత రోజూ ఫోన్లే. ఇప్పుడు పక్షాలు మారిపోయాయి. వాడు ఎపిసోడ్‌ను తిడతాడు, నేను వెనకేసుకొస్తాను. పక్కకు పోతుందన్న నా లెక్క చెబితే మాత్రం, "ఎదురుగా వస్తూ కొట్టాడనుకో, పక్కకెందుకు పోద్ది?" అని దాన్ని కొట్టేశాడు. సరైన జవాబే.

నా వాదన ఇది. శరదిందు బాబు 1932లో బ్యోమ్‌కేశ్ కథల్లో మొట్టమొదట రాసింది దీన్నే, బెంగాలీలో 'పథేర్ కాంటా'. బ్యోమ్‌కేశ్‌ను పరిచయం చేసే 'సత్యాన్వేషీ' ఆ తర్వాత రాశాడు. మొదటి కథలో యంత్రం మీద మోజు ఉంటుంది. దాన్ని మన్నించాలి. కోనన్ డాయల్ రాసిన 'స్పెకిల్డ్ బ్యాండ్' కథలో పాము గంట తాడు పట్టుకుని దిగుతుంది, ఈల వింటే వెనక్కి వస్తుంది, పాలు తాగుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనమే పాము పాలు తాగదని ఒప్పుకుంటాం. అయినా డాయల్ 1927లో తన కథల్లో తనకు నచ్చినవి వరసగా చెప్పమంటే మొదట పెట్టింది దాన్నే.

పైగా ఇదే కథను ఇంగ్లీషు అనువాదంలో చదివితే నాకింకోటి దొరికింది. ఆఖరి ఘట్టానికి వెళ్లేముందు బ్యోమ్‌కేశ్ గుండె మీద పింగాణీ పళ్లెం కట్టుకుంటాడు. మొదట నవ్వొచ్చింది. ఆలోచిస్తే, ఇవాళ సైనికుల కవచాల్లో వాడేది కూడా పింగాణీ జాతి గట్టి పలకలనే. సూది మొన దాని మీద విరగాల్సిందే. ఆయుధం కంటే కవచానికే లెక్క బాగా కుదిరింది. ఇది చెబితే వాడు, "పళ్లెం పగిలి అన్నం తినడానికి లేకుండా పోద్ది" అన్నాడు.

అన్నిటికంటే, ఆ బెల్లు. యంత్రం పనిచేయకపోవచ్చు. కానీ రోజూ వినే చప్పుడు వెనక ఉన్న మనిషిని ఎవరూ చూడరన్న సంగతి పనిచేస్తుంది. అది శరదిందు బాబుకు తెలుసు. నాకు ఆ షాపు ముందు నుంచి ఇన్నేళ్లు పోతూ కూడా తెలియలేదు.

కమిటీ వారికి ఒక చిన్న మనవి. సభ్యత్వం ఫారంలో 'ఉత్తీర్ణులైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. దాని దగ్గర ఆగిపోయి ఫారం వెనక్కి పెట్టేసినవాళ్లు మా బ్యాచ్‌లోనే నలుగురున్నారు. 'చదివిన సంవత్సరాలు' అని మారిస్తే సరిపోతుంది. ఇవాళ వాడు నాతో వచ్చింది నా బలవంతం మీదే.

మాస్టారూ, వాడు ఆ పాత బెల్లు సంచిలో తెచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీకు చూపిస్తాడట. పిన్నులు మాత్రం పొద్దున బయల్దేరే ముందే నేను తీయించేశాను.