ఒకే బస్సులో మక్కా మసీదు, మెదక్ చర్చి

ఎప్పుడూ వేరేవాళ్ల తప్పుల గురించే మాట్లాడుతుంటాం కదా, ఈసారి నా తప్పు గురించి చెప్తాను. ట్రిప్ వీడియో అనుకుని వచ్చినవాళ్లు కంగారు పడకండి, ట్రిప్ కూడా ఉంది.

మాది హైదరాబాద్. మేం క్రిస్టియన్స్, ఎదురింట్లో ముస్లిం కుటుంబం. నా చిన్నప్పటి నుంచి రంజాన్‌కి వాళ్లింట్లోంచి షీర్ ఖుర్మా డబ్బా వస్తుంది, క్రిస్మస్‌కి మా ఇంట్లోంచి కేక్ వెళ్తుంది. ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్లలేదు.

పోయినేడాది మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో నేనొక గొడవ వీడియో ఫార్వర్డ్ చేశాను. 'మన దగ్గరే జరిగింది, వీళ్లతో జాగ్రత్త' అని కింద రాసి ఉంది. నేను చూసింది పది సెకన్లు. సాయంత్రానికి తెలిసింది, అది ఎప్పటిదో పాత వీడియో, మన రాష్ట్రానిది కూడా కాదు. వెంటనే డిలీట్ చేశాను. కానీ ఎదురింటి ఆంటీ అప్పటికే చూసేశారు. ఒక్క మాట అనలేదు. గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయిపోయారు, అంతే. ఆ రంజాన్‌కి షీర్ ఖుర్మా రాలేదు.

కొన్ని నెలలకి మా చర్చి పెద్దలు, పక్క వీధి మసీదు పెద్దలు కలిసి ఒక బస్సు మాట్లాడారు. పొద్దున మక్కా మసీదు, మధ్యాహ్నం మెదక్ చర్చి, రాత్రికి ఇల్లు. అమ్మ బలవంతం మీద వెళ్లాను. బస్సెక్కితే ఒక్కటే సీటు ఖాళీ, ఆంటీ పక్కన.

ముందు మక్కా మసీదు. చార్మినార్ దగ్గర సెల్ఫీలు దిగి వెనక్కి వచ్చేస్తాం కానీ, నాలుగడుగులు వేసి లోపలికి వెళ్లినవాళ్లు మనలో ఎంతమంది? నేనైతే అదే మొదటిసారి. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు వాడారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు. కుతుబ్ షాహీల కాలంలో పని మొదలైంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలుచుకున్నాడు. మసీదు పూర్తయింది 1694లో, ఆయన హయాంలోనే. అంటే ఒక వంశం మొదలుపెట్టిన పనిని, ఆ వంశాన్ని ఓడించినవాడు పూర్తి చేయించాడన్నమాట.

మా బ్యాచ్‌లో ఆడవాళ్లం బయట ప్రాంగణంలోనే కూర్చున్నాం. చుట్టూ పావురాలు. ఒక చాచా వచ్చి, '2007 మే 18, శుక్రవారం నమాజు రోజు ఇక్కడే బాంబు పేలింది' అన్నారు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. నా ఫోన్‌లోంచి వెళ్లిన ఆ పది సెకన్ల వీడియో గుర్తొచ్చింది. తల ఎత్తలేకపోయాను.

అక్కడి నుంచి నర్సాపూర్ అడవి మీదుగా మెదక్. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ముందు ఊళ్లో మసీదు దగ్గర బస్సు ఆపారు, వాళ్లు జుహర్ నమాజుకి వెళ్లారు. మేం నీడలో కూర్చుని అందరి బ్యాగులకీ కాపలా కాశాం. తర్వాత చర్చికి వెళ్లాం.

మెదక్ చర్చి కథ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండ్ మిషనరీ కట్టించారు. 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూలీగా తిండి పెట్టి కట్టించారని చెప్తారు. అప్పుడు ఇక్కడ నిజాం పాలన. ఒక ముస్లిం రాజు రాజ్యంలో, ఆకలితో ఉన్నవాళ్ల చేతుల మీద లేచిన చర్చి అది.

లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలున్నాయి. ఏసు పుట్టుక, సిలువ, ఆరోహణం. పగటి వెలుగు పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పుట్టుక కిటికీ ముందు ఆంటీ చాలాసేపు నిలబడ్డారు. 'మరియం' అన్నారు మెల్లగా. 'మా ఖురాన్‌లో ఆమె పేరుతో ఒక సూరా ఉంది బేటా, పంతొమ్మిదోది. మా దాంట్లో పశువుల పాక ఉండదు. ఖర్జూరం చెట్టు కింద నొప్పులు పడుతుంది, ఒంటరిగా' అన్నారు. ఇరవై ఏళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉన్నాం. ఆ మాట నాకు ఆ రోజే తెలిసింది.

సిలువ కిటికీ దగ్గర చాచా నిజాయితీగా చెప్పారు, 'ఇక్కడ మాత్రం మా నమ్మకం వేరు.' మా పాస్టర్ గారు 'తెలుసు భాయ్' అన్నారు. అంతే. వాదన లేదు, 'అన్నీ ఒకటే' అనే నటన కూడా లేదు. నాకు అది నచ్చింది.

బయట మెట్ల మీద ఆంటీ పక్కన కూర్చుని, 'ఆ వీడియో విషయంలో సారీ ఆంటీ' అన్నాను. ఆంటీ వెంటనే 'పర్లేదు' అనలేదు. కాసేపాగి అన్నారు, 'నువ్వు పంపినందుకు కాదు బేటా. మేం ఎదురుగానే ఉన్నాం కదా, తలుపు కొట్టి ఒక్కసారి అడగలేదే అని బాధ.'

నా దగ్గర జవాబు లేదు ఫ్రెండ్స్. ఇప్పటికీ లేదు.

ఇంటికొచ్చాక ఆ గ్రూప్‌లోనే రాశాను: 'అప్పుడు నేను పంపిన వీడియో పాతది, మన దగ్గరిది కాదు, చూసుకోకుండా పంపాను, తప్పు నాది.' ఇద్దరు థంబ్సప్ పెట్టారు. ఒకాయన 'ఇప్పుడెందుకమ్మా ఇదంతా' అన్నారు. ఆంటీ ఇంకా గ్రూప్‌లోకి రాలేదు. రమ్మని నేను అడగలేదు కూడా. డిలీట్ చేస్తే మెసేజ్ పోతుంది కానీ, చూసినవాళ్ల మనసులోంచి పోదు కదా.

కానీ పోయిన ఆదివారం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఆంటీ, చేతిలో మా పాత కేక్ డబ్బా. 'మీ డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది' అన్నారు. మూత తీస్తే లోపల ఖర్జూరాలు.

మీ ఊళ్లో కూడా మీరు ఎప్పుడూ లోపలికి వెళ్లని గుడో, మసీదో, చర్చో ఉండే ఉంటుంది. ఈ సెలవుల్లో ఆ నమ్మకం ఉన్న ఫ్రెండ్‌ని అడిగి, వాళ్లతో కలిసి వెళ్లి రండి. ఇంకొక్క మాట, ఫార్వర్డ్ కొట్టే ముందు ఎదురింటి తలుపు కొట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.