పొరుగుదేశపు వోల్టేజి, మన వంటిల్లు

సముద్రములు దాటి వెళ్ళిన బిడ్డలు సెలవులకు వచ్చునప్పుడు తెచ్చు పెట్టెలలో ఇప్పుడు మిక్సీలు, టోస్టర్లు, అన్నము వండు కుక్కర్లు కూడ ఉండుచున్నవి. అమెరికానుండి కొడుకు తెచ్చిన వస్తువును కర్నూలులోని తల్లి ఆప్యాయముగా వంటింట అమర్చుకొనును. దాని బల్లపరుపు పిన్నులు మన సాకెట్టున పట్టవు. బజారులో ఒక చిన్న అడాప్టరు కొని తగిలింతురు. పిన్నులు పట్టినవి గనుక పని జరుగుననుకొందురు. ప్రమాదమంతయు ఈ తలంపులోనే ఉన్నది. ఆ అడాప్టరు పిన్నుల ఆకారమును మార్చునే గాని ఒక్క వోల్టునైనను తగ్గింపదు.

మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్ళు. అమెరికాలో 120 వోల్టులు, 60 సైకిళ్ళు. వోల్టేజి సుమారు రెండింతలైనచో వేడియు రెండింతలే యగునని తోచవచ్చును. అట్లు కాదు. వోల్టేజి పెరిగినకొలది తీగలో పారు కరెంటును పెరుగును. ఈ రెండింటిని గుణించినదే శక్తి. కావున అచ్చట 1000 వాట్లతో పనిచేయు టోస్టరు ఇచ్చట 3600 వాట్లకు మించి లాగుటకు యత్నించును. అనగా సుమారు 16 ఆంపియర్ల కరెంటు! మన చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు, పెద్దది 16 ఆంపియర్లకు ఏర్పడినవి. టోస్టరులోని తీగ తెగిపోయిన అదృష్టమే. అది తెగక, ఫ్యూజుకు బదులు ఎవరో లావుపాటి రాగితీగ చుట్టియుండినచో, గోడలోని వైరు కాగి నిప్పంటుకొనును.

రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి కువైటు వెళ్ళినవారి సంగతి వేరు. అచ్చట 240 వోల్టులు, 50 సైకిళ్ళు; వస్తువు మన కరెంటుకు సరిపోవును. మార్చవలసినది ప్లగ్గు మాత్రమే. అయితే నలుచదరపు పిన్నులు గల ఆ ప్లగ్గు కడుపులో చిన్న ఫ్యూజు ఒకటి ఉండును. ప్లగ్గును కోసివేసిన ఆ రక్షణయు పోవును గనుక, గోడలోని సాకెట్టు లైనుకు తగిన ఫ్యూజుగాని ఎం.సీ.బీ.గాని ఉన్నదో లేదో చూచుకొనవలెను. సౌదీలో మాత్రము 60 సైకిళ్ళు. పూర్వము 127 వోల్టుల సరఫరాయు ఉండెడిది. కావున గల్ఫునుండి వచ్చిన వస్తువులన్నియు ఒక్కటే యని తలంపరాదు.

మరి తెలియుట ఎట్లు? వస్తువును తలక్రిందులు చేసి అడుగున గల పలకను చదువవలెను. 100 నుండి 240 వోల్టులు, 50 మరియు 60 హెర్ట్‌జ్ అని ఉన్నచో అడాప్టరు చాలును. సెల్‌ఫోను చార్జర్లు పెక్కు ఇట్టివే. కేవలము 120 వోల్టులని ఉన్నచో ట్రాన్సుఫార్మరు తప్పదు. 500 వాట్ల మిక్సీకి 500 వాట్లదే చాలునని దుకాణదారు చెప్పవచ్చును. మోటారు కదలు మొదటి క్షణమున అధికముగా కరెంటు లాగును గనుక 1000 వాట్లది కొనుట క్షేమము. ప్రయాణీకులకై అమ్ము తేలికపాటి కన్వర్టరును మిక్సీకి గాని, లోపల ఎలక్ట్రానిక్ భాగములు గల కుక్కరుకు గాని తగిలింపరాదు.

ట్రాన్సుఫార్మరు వోల్టేజిని దించునే గాని సైకిళ్ళను మార్చదు. జపానులోనే తూర్పున 50, పడమట 60 సైకిళ్ళు ఉన్నవి. 1890 దశకమున టోక్యో వారు జర్మనీనుండి, ఒసాకా వారు అమెరికానుండి యంత్రములు తెప్పించుకొనిన ఫలమది. వేడినిచ్చు తీగకు ఈ భేదము పట్టదు. 60 సైకిళ్ళకు మాత్రమే చేసిన మైక్రోవేవ్ పొయ్యి 50పై లోలోపల అధికముగా కాగును. అట్టిదానిని తేకుండుటయే మేలని మా అభిప్రాయము. టోస్టరును అంతే, దానికి తగిన ట్రాన్సుఫార్మరు వెలతో ఇచ్చటనే క్రొత్త టోస్టరు వచ్చును.

బజారున దొరకు ట్రాన్సుఫార్మర్లలో అనేకములు ఒకే చుట్టతో చేసినవి. అందులో ఉమ్మడి చుట్ట తెగినచో 230 వోల్టులును నేరుగా వస్తువునకు చేరవచ్చును. వేరువేరు చుట్టలు గలదానినే అడిగి కొనవలెను.

ఇక ఎర్తు మాట. పట్టలేదని మూడవ పిన్ను విరిచివేయు అలవాటు మన ఊళ్ళలో కలదు. లోహపు తొడుగు గల వస్తువులోని వైరు ఒరిసి తొడుగును తాకినప్పుడు, తడిచేతితో సంగటి తపేలా దించుచున్న గృహిణిని కాపాడునవి ఆ పిన్నును, ఇంటి బయట పాతిన ఎర్తు గుంటయును. ఎర్తునకు తేమ ప్రాణము. ఎండలు 40 డిగ్రీలు దాటు మన సీమలో, చైత్ర వైశాఖములనాటికి గుంటలోని బొగ్గు, ఉప్పు ఎండి గట్టిపడి, కరెంటు భూమిలోనికి పోవు దారి సన్నగిల్లును. కావున ఎలక్ట్రీషియనుచే ఒకమారు ఎర్తును కొలిపించి, మెయిను బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సీ.సీ.బీ. పెట్టించుకొనవలెను. వేసవి ముగియువరకు మూడు నాలుగు దినములకొకమారు ఆ గుంటలో రెండు బిందెల నీరు పోయుచుండవలెను. బియ్యము కడిగిన నీరైనను సరిపోవును.