మూత్రపిండ మార్పిడి పిమ్మట ఎముకల సంరక్షణ



1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన బోస్టను నగరమున డాక్టర్ జోసెఫ్ మర్రే కవల సోదరులలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి బ్రదికించెను. మన దేశమున 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు ఈ చికిత్స సఫలమయ్యెను. 1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దేశమున తొలి సఫల గుండె మార్పిడి జరిపిన డాక్టర్ వేణుగోపాల్ గారు రాజమహేంద్రవరమున జన్మించినవారని తలచుకొనుట ఆంధ్రులకు ముచ్చట. నాటి యద్భుతము నేడు మన క్వార్టర్లలో ఇరుగుపొరుగు ముచ్చటించుకొను సంగతి యైనది.

అట్టి చికిత్స పొందిన కార్యాలయోద్యోగి యొకని సంగతి వినుడు. భార్య యిచ్చిన మూత్రపిండము చక్కగా పనిచేయుచుండెను. ఇంటిల్లిపాదియు మాత్రల వేళలను కనిపెట్టుచుండిరి. రక్తపరీక్షల కాగితములు తేదీల వరుసను ఫైలు కట్టిరి. ఎనిమిదవ నెలలో ఆయన నీళ్ళ బకెట్టు ఎత్తబోగా నడుము కలుక్కుమన్నది. వాతమని తైలము రాచిరి. మూడు వారములు గడచినగాని ఎక్స్‌రే తీయింపలేదు. వెన్నుపూస యొకటి నలిగియున్నది! మూత్రపిండమునకు ఇసుమంతయు లోటు లేదు. ఎముకలను గూర్చి మాత్రము ఎవరును అడిగియుండలేదు.

మూత్రపిండమునకు, ఎముకకు ఏమి చుట్టరికమని కొందరడుగవచ్చును. విటమిన్ డి దేహమునకు ఉపయోగపడు రూపమును దాల్చునది ముఖ్యముగా మూత్రపిండమునందే. అది చెడినప్పుడు రక్తమున కాల్షియము తగ్గును. కంఠముననున్న పారాథైరాయిడ్ గ్రంథులు విజృంభించి ఎముకలనుండి కాల్షియమును లాగివేయును. కావున రోగి శస్త్రచికిత్సకు పోవునాటికే ఎముకలు డస్సియుండును. ఆపైన ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందు క్రొత్త ఎముక కట్టుటను మందగింపజేయును. ప్రేగులు కాల్షియమును గ్రహించుటను తగ్గించును. మొదటి ఆరునెలలు, సంవత్సరములోపల నష్టము మిక్కిలి వేగముగా జరుగును. అట్లని ఆ మందును రోగి తనంతట మానరాదు. దేహము క్రొత్త మూత్రపిండమును తిరస్కరించు ప్రమాదమున్నది. మోతాదు తగ్గించుట వైద్యుని పని.

రోగి చేయదగినది ముందుగా అడుగుట. ఎముకల సాంద్రతను కొలుచు డెక్సా పరీక్ష యున్నది. రక్తమున కాల్షియము, ఫాస్ఫేటు, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను చూడవలెను. మార్పిడి పిమ్మట కూడ ఆ గ్రంథులు చల్లారక కొందరికి రక్తమున కాల్షియము హెచ్చియుండును. పొరుగువారి మందుచీటి చూచి కాల్షియము మాత్రలు మ్రింగువారు దీనిని గమనింపవలెను. గజ్జలలోనో తుంటిలోనో నొప్పి విడువకున్నచో రక్తప్రసారము లేక తొడయెముక శిరస్సు చెడుచున్నదేమో చూడవలసియుండును. ఎక్స్‌రేలో కానరానిది ఎమ్.ఆర్.ఐ.లో ముందే తెలియును.

పెద్దవారికి దినమునకు సుమారు 1000 మొదలు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ఒక పెద్ద గ్లాసు పాలలో 300, నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు లభించును. పల్లెను విడిచినప్పుడే రాగిసంకటిని విడిచిన మన ఉద్యోగులకు ఇది కొంత సిగ్గు కలిగింపదగిన లెక్క. ఎండ మంచిదే గాని, రోగనిరోధక శక్తిని అణచు మందులు వాడువారికి చర్మపు కేన్సరు భయము హెచ్చు. కనుక గంటలకొలది ఎండకాగుట తగదు. విటమిన్ డి కొరత మాత్రలతో తీరును. అలెండ్రోనేటు వ్రాసియిచ్చినచో పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మ్రింగి అరగంట నడుము వాల్చకుండవలెను. అంతవరకు కాఫీ కూడదు. ఆంధ్రునకు ఇది శిక్షయే! మూత్రపిండపు పని బాగుగా తగ్గినవారికి ఆ మందు తగదు.

పైన చెప్పిన ఉద్యోగి ఇప్పుడు చేతికఱ్ఱ లేకయే సాయంకాలము నడచుచున్నాడు. స్నానాల గదిలో గోడకు కడ్డీ బిగించిరి. నీళ్ళ బకెట్టు పెద్ద కుమారుడు మోయుచున్నాడు.