గృహహింస విషయమున క్రీడాలీగుల ధర్మము
(స్మారకోపన్యాసము)

  

ఎవరి స్మృతికై ఈ ఉపన్యాసపు ధర్మనిధి యేర్పడినదో ఆ పెద్దలు పగలెల్ల న్యాయవాదవృత్తిలో మునిగియుండియు, సాయంకాలమగుసరికి క్రికెట్టు మైదానమునొద్ద తప్పక కనబడెడివారని విన్నవాడను గనుక, వారి యీ రెండభిరుచులును కలిసికొను విషయము నొకదానిని నేటి ప్రసంగమునకు స్వీకరించితిని. వృత్తిక్రీడాకారుడు తన యింట భార్యపైనో సహచరిపైనో చేయి చేసికొన్నప్పుడు, అతనికి జీతమిచ్చి, అతని యాటను టికెట్టుపై విక్రయించి, అతని ముఖమును ఊరిగోడలకెల్ల నంటించు లీగు ఏమి చేయవలెనన్నది ఆ విషయము.

అది పోలీసుల పని, న్యాయస్థానముల పని. బంతి యాడించువారికి కాపురముల పంచాయతీ యెందుకని యడుగువారు కలరు. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. నేరనిర్ణయమునకు రాజ్యము చట్టరీత్యా ఏర్పరచిన స్థానములుండగా, లాభార్జనమే ప్రధానముగాగల సంస్థ యొకటి తీర్పరి పీఠమెక్కుట ప్రమాదమే. కాని లీగులు క్రీడాకారుని మైదానేతర జీవితమున నెన్నడును కలుగజేసికొననివి కావు. పందెములు కాసినవారిని, మత్తుపదార్థములు సేవించినవారిని, ఏ కోర్టు తీర్పుకును వేచియుండక శిక్షించుట వానికి చిరకాలపు టలవాటు. 2014 ఆగస్టులో అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగు, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టువాడైన జాష్ గోర్డన్‌ను మత్తుపదార్థముల నిబంధన మీరినాడని కనీసము ఒక సంవత్సరకాలము ఆటనుండి తొలగించెను. పిమ్మట నిబంధనలు సడలింపబడగా ఆ శిక్ష 10 ఆటలకు తగ్గెను. దానికి ఒక నెల ముందు అదే లీగు, కాబోవు భార్యను స్పృహ తప్పునట్లు కొట్టిన వేఱొక క్రీడాకారునికి విధించిన శిక్ష 2 ఆటలు. జోక్యము చేసికొనవచ్చునా యను ప్రశ్న ఇట్లు వారి యాచరణమువలననే తీరిపోయినది. ఎట్లు చేసికొనవలెనన్నదే మిగిలియున్నది.

ఆ రెండవ యుదంతమును కొంత విస్తరించి చెప్పెదను. 2014 ఫిబ్రవరి 15వ తేదీ తెల్లవారుజామున, న్యూజెర్సీ రాష్ట్రమందలి అట్లాంటిక్ సిటీలో రెవెల్ అను కాసినో హోటలు లిఫ్టులో, బాల్టిమోర్ రేవెన్స్ జట్టు క్రీడాకారుడగు రే రైస్ తన కాబోవు భార్యను కొట్టెను. నాలుగు దినములకు ఒక వార్తాసంస్థ వీడియో నొకదానిని లోకమునకు జూపెను: లిఫ్టు తలుపులు తెరచుకొనుటయు, ఒడలు తెలియని యామెను అతడు బయటి కీడ్చుకొని వచ్చుటయు అందున్నవి. మార్చి 27న గ్రాండ్ జ్యూరీ అతనిపై నేరారోపణ చేసెను. మరునాడే వారిరువురకు వివాహమయ్యెను. మే 23న జట్టు కార్యాలయమున దంపతులిద్దరిని విలేకరుల యెదుట కూర్చుండబెట్టి, ఆ రాత్రి జరిగినదానిలో తన పాత్రకు ఆమె మిక్కిలి చింతించుచున్నదని జట్టువారు తమ ట్విట్టర్ ఖాతాలో ప్రకటించిరి. దెబ్బ తిన్నదానిచేత పశ్చాత్తాపము పలికించిన యీ ప్రకటనను సెప్టెంబరులో వారే తొలగించుకొనవలసి వచ్చెను.

జూన్ 16వ తేదీన న్యూయార్కులో జరిగిన సమావేశమును మీరొకపరి మనస్సున నిలుపుకొనవలెనని కోరుచున్నాను. కమిషనర్ రోజర్ గుడెల్ విచారణ కర్త; ఆ గదిలో లీగు అధికారులున్నారు, జట్టు అధ్యక్షుడున్నాడు, క్రీడాకారులను ఎంపికచేయు జనరల్ మేనేజరున్నాడు, క్రీడాకారుల సంఘము ప్రతినిధులున్నారు, కొట్టిన భర్త యున్నాడు; వీరందరి నడుమ, ఆ భర్త ప్రక్కనే, ఆమెయు నున్నది. అచ్చటి వారిలో ఒక్కడైనను అతడు మరల ఆడుటవలన లాభము లేనివాడు కాడు. అట్టి చోట ఆ యిల్లాలు ఏమి చెప్పగలదు? చెప్పినను దానిని సాక్ష్యమని యెవరనగలరు? బాధితురాలిని నిందితుని సమక్షమున ప్రశ్నింపరాదన్నది గృహహింస విషయమున పనిచేయువారందరు మొట్టమొదట నేర్చుకొను పాఠము. కోట్లకొలది డాలర్ల వ్యాపారము నడుపు సంస్థకు ఆ పాఠము చెప్పగలవారిని పిలిపించుకొనుట అసాధ్యము కాదు, అవసరమని తోచలేదు. జూలై 24న శిక్ష వెలువడెను: 2 ఆటలు.

మన తిక్కన భారతమును చదివినవారికి ఇచ్చట విరాటుని కొలువు స్ఫురింపక మానదు. సైరంధ్రిని కీచకుడు నిండుసభలో తన్నెను; రాజు చూచెను; చూచియు, ఆ కలహమునకు మూలమైనది తన కన్నుల యెదుట జరిగినది కాదు గనుక తాను నిర్ణయింపజాలనని తప్పించుకొనెను. ఏలయన కీచకుడు సేనాపతి. రాజ్యము అతని భుజబలముపై నిలిచియున్నది. లిఫ్టు వెలుపల జరిగినదానిని చూచియు, లోపల జరిగినది చూడలేదని 2 ఆటలతో సరిపుచ్చిన లీగు చేసినదియు నదియే. బలవంతుని బలముపై బ్రతుకు కొలువునకు అజ్ఞానము అనుకూలమైన ఆశ్రయము.

లోకము ఊరకుండలేదు. నిందలు పెరిగి పెరిగి, ఆగస్టు 28న కమిషనర్ జట్టు యజమానులకు లేఖ వ్రాయుచు, తన నిర్ణయము సరియైనది కాదని యొప్పుకొని, ఇకమీదట గృహహింసకు మొదటిసారి 6 ఆటల నిలుపుదల, రెండవసారి కనీసము ఒక సంవత్సరము పాటు మనవి చేసికొనుటకైనను వీలులేని బహిష్కారము అని క్రొత్త నిబంధన ప్రకటించెను. సెప్టెంబరు 8న లిఫ్టులోపలి వీడియో బయటపడెను. ఆ పూటనే జట్టు అతనిని తొలగించెను. లీగు నిరవధికముగా బహిష్కరించెను. అంతకుముందు లేని యే నేరము ఆనాడు క్రొత్తగా జరిగినది? ఏమియు జరుగలేదు, ప్రజలు చూచిరి, అంతే. నవంబరు 28న మధ్యవర్తిగా నియుక్తురాలైన పూర్వ న్యాయమూర్తి బార్బరా జోన్స్, జూన్ నాటి విచారణలో అతడు కమిషనరును మోసపుచ్చలేదనియు, ఒకే నేరమునకు రెండుమారులు శిక్షించుట అధికారమును విచక్షణారహితముగా వాడుటయే యనియు నిర్ణయించి బహిష్కారమును కొట్టివేసెను. ఎఫ్.బి.ఐ. పూర్వాధిపతి రాబర్ట్ మ్యూలర్ 2015 జనవరిలో సమర్పించిన నివేదికయందు, లోపలి వీడియో లీగునకు ముందే చేరినదనుటకు ఆధారము కనబడలేదని చెప్పుచునే, మరింత విచారించుటకు తగిన సమాచారము మొదటినుండియు వారి చేతిలో నున్నదని వ్రాసెను. రైస్ ఆ లీగులో మరల నెన్నడును ఆడలేదు. అనగా, మొదట చాలని శిక్ష, పిదప నిలువని శిక్ష, తుదకు ఎవరును విధింపకయే అమలైన శిక్ష. ఈ మూటిలో ఒక్కటియు న్యాయవిచారణవలన పుట్టినది కాదు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిచ్చట నున్నది. లిఫ్టులో కెమెరా యుండును. పడకగదిలో నుండదు, వంటింట నుండదు. గృహహింసకు గురియగు స్త్రీలలో మిక్కిలిమంది వీడియో లేనివారే యని చెప్పుటకు లెక్కలు తీయనక్కరలేదు. కావున లీగు నిబంధన యెంత కఠినమన్నది దాని యోగ్యతకు కొలబద్ద కాదు. ఏ కెమెరాయు చూడని స్త్రీ వచ్చి చెప్పినప్పుడు దానివలన ఏమి జరుగునన్నదియే కొలబద్ద. లోకాపవాదమునకు వెఱచి వ్రాసిన నిబంధన, అపవాదము లేనిచోట నిదురించును.

ఇక ఆ స్త్రీ యేల చెప్పదన్నది మఱియొక చిక్కు. మన పల్లెలలో ఇంటిగుట్టు లంకకు చేటని చెప్పి ఆడుబిడ్డల నోరు మూయించుట మనకు తెలియనిది కాదు. కోటీశ్వరుల మేడలలోను ఆ సామెతయే వేఱొక భాషలో రాజ్యమేలుచున్నది. కూడు పెట్టు చేయియే కొట్టు చేయియైనచోట, భర్త సస్పెన్షనుతో ఆగిపోవు జీతము ఆమె సంసారపు జీతమే. పోవు ఇల్లు ఆమె పిల్లల యిల్లే. ఒక్క ఫిర్యాదుతో భర్త బ్రతుకుతెరువు నాశనమగునని తెలిసినప్పుడు శిక్ష పెరిగినకొలది ఆమె మౌనము పెరుగును. అట్లని ఉపేక్షించినచో ఏమగునో 2012 డిసెంబరు 1వ తేదీ చెప్పుచున్నది: కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు క్రీడాకారుడు జోవాన్ బెల్చర్, తన బిడ్డకు తల్లియైన స్త్రీని ఇంట కాల్చిచంపి, స్టేడియమునకు కారు తోలుకొనివచ్చి, శిక్షకుడును మేనేజరును చూచుచుండగా తన్ను తాను కాల్చుకొనెను. మరునాడు అదే స్టేడియమున నిర్ణీతకాలమునకే ఆట జరిగెను.

ఇతర లీగులు నడచిన త్రోవలను సంగ్రహముగా జూతము. అమెరికా బేస్‌బాల్ లీగు 2015 ఆగస్టులో క్రీడాకారుల సంఘముతో కలిసి యొక యొడంబడిక చేసికొనెను. శిక్షకు కనిష్ఠముగాని గరిష్ఠముగాని లేదు. కోర్టులో కేసు నడచినను నడువకున్నను లీగు స్వయముగా విచారింపవచ్చును. విచారణ ముగియువరకు కొలది దినములు జీతముతోడి సెలవు. క్రీడాకారునికి చికిత్సాప్రణాళికను నిపుణులతో కూడిన మండలి నిర్ణయించును. శిక్ష నచ్చనిచో మధ్యవర్తికి విన్నవించుకొనవచ్చును. ఉభయులంగీకరించి ముందుగా వ్రాసికొన్నది గనుక ఇది నిలిచినది. దీనిక్రింద 2016లో మొదట శిక్షింపబడిన అరాల్డిస్ చాప్మన్, గరాజులో తుపాకి కాల్చుట తప్పని యొప్పుకొని, స్త్రీకి హాని చేయలేదని చెప్పెను. పోలీసులు కేసు పెట్టలేదు. లీగు 30 ఆటలు నిలిపివేసెను. ఐనను స్త్రీని హింసించెనన్న యారోపణ వలన అతని ధర తగ్గగా, న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆ తగ్గిన ధరకే అతనిని సంపాదించుకొనెనన్నదియు మరువరానిది. లీగు నిందించుచుండగా జట్లు బేరమాడుచుండుట నేటికిని పరిష్కరింపబడని లోపము.

ఆస్ట్రేలియా రగ్బీ లీగు 2019లో వేఱొక మార్గము పట్టెను: 11 సంవత్సరములు లేదా అంతకు మించిన కారాగారశిక్షకు తగిన నేరారోపణ కోర్టులో దాఖలైనచో, ఆ క్రీడాకారుడు తీర్పు వచ్చువరకు పూర్తిజీతముతో ఆటనుండి తప్పుకొనవలెను, అంతకు తక్కువ ఆరోపణలలో, ముఖ్యముగా స్త్రీలపైనను బాలలపైనను జరిగిన హింస విషయమున, నిర్ణయము లీగు ముఖ్యాధికారిది. దోషియని యనక, జీతము నాపక, ఆట మాత్రమే ఆపుట దీని వివేకము. కాని దీనికిని మూల్యము కలదు. గృహహింస కాని యొక కేసులో ఈ విధముగా తప్పుకొన్న యొక క్రీడాకారుడు రెండేండ్లకు పైగా ఆడలేకపోయెను. తుదకు ప్రాసిక్యూషన్‌వారు మిగిలిన ఆరోపణలను విరమించుకొనిరి. క్రీడాకారుని వయసు కరగిపోవు ధనము. కావున ఇట్టి నిబంధనకు కాలపరిమితియు, మధ్య మధ్య పునర్విమర్శయు నుండవలెను. ఈ దోషము పురుషులకే పరిమితము కాదనియు నొకమాట చెప్పవలెను: 2015లో అమెరికా మహిళా బాస్కెట్‌బాల్ లీగు, పరస్పరము కొట్టుకొన్న ఇరువురు క్రీడాకారిణులను చెరి 7 ఆటలు నిలిపివేసెను.

మన దేశము మాట చెప్పక ముగించుట పిరికితనమగును. 2018 మార్చిలో భారత క్రికెట్ నియంత్రణ మండలి, ఒక ప్రసిద్ధ బౌలరుపై అతని భార్య చేసిన ఆరోపణల కారణమున వార్షిక కాంట్రాక్టును ఆపియుంచెను. ఆ యారోపణలను అతడు ఖండించెను. వాని సత్యాసత్యములు నేను తీర్పు చెప్పదగినవి కావు. నేను గమనింపుమనునది మండలి చేసిన విచారణను. అవినీతి నిరోధక విభాగము డబ్బు పుచ్చుకొన్నాడన్న యొక్క ఆరోపణనే విచారించి, ఆధారము లేదని తేల్చగా, కాంట్రాక్టు లభించెను. మ్యాచ్ ఫిక్సింగును విచారించుటకు విభాగము కలదు. గృహహింసను విచారించుటకు లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టము పనిచేయుచోటులలో క్రీడాసంస్థలను, స్టేడియములను పేరు పెట్టి చెప్పినది; కాని దంపతుల నడుమ జరుగు హింస దాని పరిధిలోనిది కాదు. 2005 నాటి గృహహింస చట్టము రక్షణోత్తరువులను, నివాసహక్కును, జీవనభృతిని స్త్రీకి ప్రసాదించినది. దానిని ఏ క్రీడామండలియు తన కాంట్రాక్టులో తలంపునకు తెచ్చుకొన్నట్లు కానరాదు.

కావున ఈ నాలుగు నియమములను విన్నవించుచున్నాను. మొదటిది, నిబంధన ముందుగా, క్రీడాకారుల సంఘముల సమ్మతితో, కాంట్రాక్టులోనే వ్రాయబడవలెను. రెండవది, విచారించువారు జట్టు యజమానుల జీతగాండ్రు కారాదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగు 2020లో ఉభయులు కలిసి నియమించు అధికారిని ఏర్పరచియు, అప్పీలును మరల కమిషనర్ చేతిలోనే యుంచుకొన్నందున ఆ సంస్కరణ సగమే యయినది. మూడవది, బాధితురాలితో సంభాషించువారు ఆ విద్య నేర్చినవారై యుండవలెను. ఆమెను భర్త సమక్షమునగాని జట్టువారి సమక్షమునగాని ప్రశ్నింపరాదు. ఆమె ఫిర్యాదు చేయనొల్లకున్నను ఆమెకు వసతి, వైద్యము, న్యాయసహాయము లభింపవలెను. నాలుగవది, నిలిపివేసిన జీతములో కొంత భాగము కుటుంబపోషణమునకు నేరుగా చేరవలెను. శిక్ష భర్తది, పస్తు భార్యది కాగూడదు.

మన క్రికెట్టు, కబడ్డీ లీగులు ఏటేటా క్రీడాకారులను వేలము వేయుచున్నవి. ఆ వేలములో పాడువారు ఆటగాని మోకాలి గాయమును, భుజపు నొప్పిని తరచి తరచి పరీక్షించుచున్నారు. వచ్చు వేలమునకు ముందే ఈ నిబంధనను కాంట్రాక్టులో చేర్పుడని మండళ్లను, ఒక వీడియో బయటపడునంతవరకు వేచియుండక ఆ మాట నిలదీసి యడుగుడని టికెట్టు కొని ఆట చూచు మిమ్మును ప్రార్థించి సెలవు తీసికొనుచున్నాను.