ఏనుగుపై ఎవరు?



గత సంవత్సరము ఒక ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమునకు పోయితిని. భార్హుత్ స్తూపపు ఎఱ్ఱరాతి ప్రాకారము అక్కడ ఒక గది నిండ నిలిచియున్నది. 1873లో కన్నింగ్‌హామ్ దొర కనుగొని, పిమ్మట కలకత్తాకు చేర్పించిన శిలలవి. వాటి వయస్సు రెండువేల సంవత్సరములు దాటినది. ఒక స్తంభముపై ఏనుగుల ఊరేగింపు చెక్కియున్నది. మా చిన్నవాడు దానిని కొంతసేపు చూచి, “నాన్నగారూ, ఈ మావటివాడు ఇన్ని నగలు పెట్టుకొన్నాడేమి?” అని అడిగెను.

నాకు నవ్వు వచ్చినది. దగ్గరకు పోయి చూచిన పిమ్మట ఆ నవ్వు నిలిచిపోయినది. ఏనుగు మెడపై కూర్చున్నవాడు మావటివాడు కాడు, రాజు. అతని ముందు, ఏనుగు కుంభస్థలముపై, బుద్ధుని ధాతువును, అనగా అస్థిశేషమును, ఉంచిన పేటిక యున్నది.

కుంభస్థలముపై జాలరి, వీపున పట్టుబట్ట, ప్రక్కల గంటలు, పైన వెల్లగొడుగు: ఇవన్నియు పట్టపుటేనుగునకు రాజు కొఱకు చేయు అలంకారములు. బౌద్ధులు వీనిలో దేనిని తీసివేయలేదు. గౌరవమందుకొనువానిని మాత్రము మార్చిరి. సాంచీ తోరణములపై ధాతువులను పంచుకొని మరలిపోవు రాజులు సైతము ఇట్లే పేటిక వెనుక కూర్చున్నారు. మన తిరుమల బ్రహ్మోత్సవములలో ఏనుగులు వాహనమునకు ముందు నడచును. స్వామి ఎక్కు గజవాహనము ప్రాణమున్నది కాదు. బౌద్ధుల ఊరేగింపులో బ్రతికియున్న ఏనుగే వాహనము. అమరావతి శిల్పులు మఱియొక చమత్కారము చేసిరి. బోధిసత్త్వుడు తెల్లయేనుగు రూపమున తుషితస్వర్గము నుండి దిగివచ్చు దృశ్యములో ఏనుగే పల్లకిలో నున్నది, మరుగుజ్జు గణములు దానిని మోయుచున్నవి!

ఈ అలంకారములకు వెల కట్టిన కథ వెస్సంతర జాతకము. నాలుగు పాదముల ఆభరణములు నాలుగు లక్షలు, రెండు ప్రక్కలవి రెండు లక్షలు, వీపుపై పఱచిన ముత్యాల, బంగారు, మణుల వలలు మూడు లక్షలు. మన ఆర్థికశాఖవారు కూడ ఆక్షేపణ తెలుపలేని అంచనాపట్టిక! కళింగదేశమున అనావృష్టి కలుగగా, వానలు కురిపించు ఆ తెల్లయేనుగును వెస్సంతరుడు నగలతో సహా దానము చేసెను. ప్రజలు అతనిని అడవులకు వెడలగొట్టించిరి. పల్నాటి గోలి గ్రామమున దొరకిన శిల్పఫలకముపై ఈ కథ కలదు. దానిని చెన్నై మ్యూజియములో చూడవచ్చును.

శిలలలో ఆగిపోయిన ఈ ఊరేగింపు సింహళమున నేటికిని నడచుచున్నది. కాండీ నగరపు ఎసళ పెరహరా అది. పూర్వము నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవతలకు జరుగుచుండిన ఈ ఉత్సవములో బుద్ధుని దంతధాతువును ముందు నిలిపినవాడు కీర్తి శ్రీ రాజసింహుడు. ఇతడు 1747లో రాజ్యమునకు వచ్చెను. 1739 నుండి 1815 వరకు కాండీని ఏలిన నాయక్కరులు మధుర నాయకుల బంధువర్గము, తెలుగు మూలములవారు. 1753లో సయాము నుండి వచ్చిన భిక్షువులు, బుద్ధునికి తావులేని ఉత్సవమేమని శంకించుటయే ఈ మార్పునకు కారణమని చెప్పుదురు. నేడు పేటికను మోయు దంతపుటేనుగు నడచుటకు త్రోవపొడవునా తెల్లబట్ట పఱతురు. ముఖమునుండి పాదములదాక వస్త్రము కప్పి, కన్నులకు మాత్రము రంధ్రములు విడుతురు. కొబ్బరికుడుకలు మండు కాగడాలు ఇరుప్రక్కల వెలుగుచుండును. ఆలయాధికారి యైన దియవదన నిలమే వెనుక కాలినడకన వచ్చును. భార్హుత్ రాజు ఏనుగు మెడపైనైన కూర్చుండెను, ఇతనికి ఆ చోటు కూడ లేదు.

అయితే ఆ వస్త్రము క్రింద ఏమున్నదో కూడ చెప్పవలెను. 2019 ఆగస్టులో పెరహరాలో నడచిన టికిరి అను డెబ్బదియేండ్ల ఆడయేనుగు ఫోటోలు లోకమంతట వ్యాపించినవి. వస్త్రము తీసిన పిమ్మట కనిపించినవి ఎముకలు. సెప్టెంబరులో అది మరణించినది. చీమకైనను హాని తలపెట్టవలదన్నవాని గౌరవార్థము నడచిన ఏనుగు అది. వెస్సంతరుడు నగలను దానము చేసెను, మనవారు వానిని ముసుగుగా వాడుకొనిరి. నా మాట కొందఱకు కటువుగా తోచవచ్చును, కాని ఆ ఫోటోను చూచినప్పటినుండి పెరహరా చిత్రములలో నా చూపు మొదట ఏనుగు కాళ్ళమీదికే పోవుచున్నది.

కాండీ మనకు దూరము. ధాతువు మాత్రము దూరము కాదు. మన కాలేజీ స్క్వేరులోని ధర్మరాజిక విహారములోనిది నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు ధాతువే. 1892లో అలెగ్జాండర్ రీ దొర అక్కడి స్తూపమును త్రవ్వినపుడు బయటపడినది. 1920 నవంబరులో వంగరాష్ట్ర గవర్నరు రోనాల్డ్‌షే ప్రభువు దానిని మహాబోధి సభాధ్యక్షులైన సర్ అశుతోష్ ముఖర్జీగారికి అప్పగించెను. మన భాషవారు ఈ నగరమునకు ఉద్యోగములకై వచ్చితిమి. అది మనలో పెక్కుమందికి ముందే వచ్చి ఇక్కడ స్థిరపడినది.

వచ్చే ఆదివారము సభ్యులు పదిమంది కూడినచో నేను తోడు వత్తును. ఉదయము మ్యూజియము, సాయంకాలము విహారము. సోమవారము మ్యూజియమునకు సెలవు గనుక వాయిదా వేయకుడు. పిల్లలను తప్పక తీసికొనిరండు. మావటివానిని వారే ముందు గుర్తింతురు.